ఐస్ తినొద్దు అనకండి, ఏ నీళ్ల ఐసో అడగండి



ఎండాకాలం సెలవులు దగ్గరికి వచ్చినయి. మనం ఇండ్లకు పోతాం. మధ్యాహ్నం పూట బండి మీద డబ్బా కట్టుకొని ఐస్ అమ్మేవాళ్లు తండాలకు వస్తరు. హారన్ వినపడితే చాలు, పిల్లలందరు ఉరుకుతరు. పెద్దవాళ్లేమో "ఐస్ తింటే రోగమొస్తది, తినొద్దు" అంటరు. నా అభిప్రాయం వేరు. ఉత్తగా తినొద్దు అంటే ఏ పిల్లలూ వినరు. మన హుజూర్‌నగర్ దిక్కు మే నెలలో ఎండ 45 డిగ్రీల దాక పోతది. ఆ ఎండకు చల్లటిది తినాలనిపించడం తప్పు కాదు. అడగాల్సిన మాట ఒక్కటే. అది ఏ నీళ్ల ఐస్?

నీళ్లు గడ్డకడితే క్రిములన్నీ చస్తాయని చాలామంది అనుకుంటరు. అది నిజం కాదు. టైఫాయిడ్, విరేచనాలు తెచ్చే క్రిములు ఐసులో కూడా బతికి ఉండగలవు. ఐస్ కరిగి కడుపులోకి పోయినంక మళ్లీ పెరుగుతయి. వాటిని చంపేది చలి కాదు, వేడి. నీళ్లు బాగా మసిలినంక ఒక నిమిషం అట్లనే మసలనిస్తే ఆ క్రిములు చస్తాయి. అంటే ఐస్ మంచిదా చెడ్డదా అనేది డబ్బాలో తేలదు, దానికంటే ముందే నీళ్ల దగ్గర తేలుతుంది.

ఇంకో మాట. ఐస్ అంతా తినే ఐస్ కాదు. చేపలు చెడిపోకుండా పెట్టే ఐస్ గడ్డలు తాగే నీళ్లతో చేసినవి కాకపోవచ్చు. అందుకే మహారాష్ట్రలో 2018లో తినకూడని ఐస్‌కు నీలి రంగు కలపాలని ఆర్డర్ ఇచ్చినారు. చూడగానే ఎవరికైనా తెలియాలని. చదువు రానివాళ్లకు కూడా తెలుస్తది గదా, అది నాకు బాగా నచ్చింది. రంగుల సంగతి కూడా చూడాలి. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం రంగు పీచు మిఠాయిని నిషేధించింది. అందులో రోడమైన్-బి అనే రంగు దొరికింది. అది బట్టలకు వేసే రంగు, తినేది కాదు. కాబట్టి నాలుక ఎర్రగైందని సంబరపడే ముందు ఆ ఎరుపు ఎక్కడిదో ఆలోచించాలి.

ఐస్ అమ్మేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లూ మనలాగ కష్టం చేసేవాళ్లే. వేరే దగ్గర కొని తెచ్చి అమ్ముకుంటరు. వాళ్లను తిట్టే బదులు మనమే ఇంట్లో చేసుకోవడం నేర్చుకోవాలని నేను అంటున్న.

"మా ఇంట్లో ఫ్రిజ్ లేదు గదా" అని మీరు అడగవచ్చు. మా ఇంట్లో కూడా లేదు. ఫ్రిజ్ లేకున్నా అవుతుంది. 1905లో అమెరికాలో ఫ్రాంక్ ఎపర్సన్ అనే 11 ఏండ్ల పిల్లవాడు తియ్యటి సోడా పొడి నీళ్లలో కలిపి, కలిపిన పుల్లతో సహా గ్లాసును రాత్రి బయట మరచిపోయిండట. చలికి అది గడ్డకట్టింది. పొద్దున పుల్ల పట్టుకొని లాగితే ఐస్ వచ్చింది. పెద్దయినంక 1924లో దానికి పేటెంట్ కూడా తీసుకున్నడు. మన దగ్గర అంత చలి లేదు. కాని ఉప్పు ఉంది.

చేసే పద్ధతి ఇది. రెండు గ్లాసుల నీళ్లు మసలబెట్టి, మూతపెట్టి చల్లార్చాలి. నాలుగు చెంచాల చక్కెర, ఒక నిమ్మకాయ రసం కలపాలి. చక్కెర మరీ ఎక్కువైతే గట్టిగా గడ్డకట్టదు. సన్నటి స్టీలు గ్లాసుల్లో సగం దాకనే పోయాలి. పుల్ల దొరకకపోతే కడిగిన చెంచా నిలబెట్టొచ్చు. బకెట్లో పగలగొట్టిన ఐస్ మూడు వంతులు, దొడ్డు ఉప్పు ఒక వంతు కలిపి, గ్లాసులను అందులో మెడ దాక దింపాలి. పైన గోనెసంచి కప్పితే చలి బయటికి పోదు. సుమారు గంటలో గడ్డకడుతుంది.

ఎందుకు గడ్డకడుతుంది? ఉప్పు పడితే ఐస్ తొందరగా కరుగుతుంది. కరగడానికి వేడి కావాలి. ఆ వేడిని గ్లాసులోనుంచి గుంజుకుంటుంది. ఉత్త ఐస్ సున్నా డిగ్రీల దగ్గర ఉంటే, ఉప్పు కలిపిన ఐస్ సున్నాకు 21 డిగ్రీల కిందికి కూడా పోగలదు. కుండ కుల్ఫీ చేసేవాళ్లదీ ఇదే పద్ధతి.

జాగ్రత్తలు మరువొద్దు. బకెట్లోని ఐస్ బయట పెట్టడానికే, నోట్లో వేసుకోవద్దు. ఉప్పు నీళ్లు గ్లాసులో పడొద్దు. ఆ ఐసులో చెయ్యి పెట్టి ఉంచితే చర్మం కాలినట్లు అవుతుంది. మిగిలిన ఉప్పు నీళ్లు చెట్లకు పోయొద్దు, పశువులకు అందనీయొద్దు. ఇంకొకటి, నీళ్లు కాస్తే క్రిములు పోతాయి గాని ఫ్లోరైడ్ పోదు. మన ఉమ్మడి నల్గొండ జిల్లాకు ఫ్లోరైడ్ బాధ ఏమిటో కొత్తగా చెప్పక్కరలేదు. అందుకని ఏదో ఒక బోరు నీళ్లు కాకుండా తాగే నీళ్లే కాచి వాడాలి.

ఐస్ గడ్డ, ఉప్పు కొనడానికి ఖర్చు అవుతుందని కొందరు అంటరు. అది నిజమే. ఒక్క ఇంటికి భారమే. ఐదారు ఇండ్లవాళ్లు కలిస్తే ఒక్క బకెట్ అందరి పిల్లలకు సరిపోతుంది. విరేచనాలు పట్టిన పిల్లను హుజూర్‌నగర్ ఆసుపత్రికి తీసుకపోతే ఆ రోజు కూలి పోతది, ఆటో కిరాయి పోతది. ఆ లెక్కతో చూస్తే ఇది తక్కువే.

మన ఇండ్లలో చాలామందికి బడికి వచ్చింది మనమే మొదలు. "నీళ్లు కాచి తాగాలి" అని గోడ మీద రాసి ఉన్నా మా యాడి చదవలేదు. కాని కాచిన నీళ్లతో ఐస్ చేసి చేతిలో పెడితే ఎందుకు కాచినవని తప్పక అడుగుతది. అప్పుడు చెప్పొచ్చు. చిన్న పిల్లలు కూడా వింటరు, ఎందుకంటే నోట్లో ఐస్ ఉంటది.

ఈ సెలవుల్లో ఒక్కొక్కరం మన తండాలో, మన గూడెంలో ఒక్కసారన్నా చేసి చూపిద్దాం. బడి తెరిచినంక ఎవరి ఐస్ గడ్డకట్టిందో, ఎవరిది కట్టలేదో, ఎందుకో ఈ గోడ పత్రికలోనే రాద్దాం.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని