కుట్టు తెగినా కుట్టుకోవచ్చు, గుడ్డ చిరగరాదు

పాపఘ్ని ఒడ్డున ఉన్న వేంపల్లెలోనూ, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల్లోనూ పాత చీరలు, లుంగీలు పొరలుగా పేర్చి బొంత కుట్టుకోవడం మన ఇళ్లకు పరిచితమైన పనే. ఉర్దూలో దీనినే గుదడి అంటారు. అమ్మమ్మ కట్టి విడిచిన చీర ఒక్కసారి పాడైతే అటువంటిది మళ్లీ దొరకదు. కూలికి కుట్టి ఇచ్చే సోదరీమణులకైతే, ఒక్క ఉతుకుకే విడిపోయిన బొంత వల్ల శ్రమతోపాటు పేరూ పోతుంది. అందుకే ఈ నెల బొంత కుట్టేటప్పుడు తరచుగా జరిగే పొరపాట్లను పరిశీలిద్దాం.

మొదటి పొరపాటు, చేతికందిన గుడ్డలన్నీ కలిపివేయడం. కొత్త నూలు గుడ్డ తొలి ఉతుకులో కుదించుకుపోతుంది. పాత చీర అప్పటికే కుదించుకుని ఉంటుంది. రెండింటినీ కలిపి కుడితే ఉతికిన తరువాత బొంత ముడతలు పడుతుంది. కనుక కొత్త గుడ్డను ఒక రాత్రి నానబెట్టి, ఉతికి, ఆరిన తరువాతే కత్తిరించాలి. పాలిస్టర్ గుడ్డను నూలుతో కలపరాదు. అది చెమటను పీల్చదు. నిప్పంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. అనుమానం ఉంటే ఒక్క పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. నూలు కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది; పాలిస్టర్ గట్టి పూసలా ముడుచుకుంటుంది.

రెండవది, గట్టి దారం వాడడం. బలమైన దారమైతే బొంత ఎక్కువ కాలం నిలుస్తుందని చాలామంది భావిస్తారు. కాని నైలాన్ దారం మెత్తబడిన పాత గుడ్డను లాగిన ప్రతిసారీ కోస్తూ పోతుంది. నూలు గుడ్డకు నూలు దారమే తగినది. తెగిన కుట్టును పావుగంటలో తిరిగి వేసుకోవచ్చు. కుట్టు వెంబడి చిరిగిన గుడ్డను బాగుచేయడం కష్టం. దారం మూరెడుకు మించితే చిక్కుపడుతుంది, గుడ్డలో పదేపదే రాపిడికి పోగులు విడిపోతుంది.

మూడవది, కచ్చా కుట్టు వేయకుండానే అసలు కుట్టుకు దిగడం. పొరలను నేలపై పరచి, నడుమ నుంచి అంచులకు అరచేతితో సవరించి, జానెడు దూరంలో కచ్చా కుట్లు వేయాలి. లేనిచో పొరలు జరిగి, చివరికి ఒక మూల గుడ్డ మిగులుతుంది, మరో మూల చాలదు. మిషన్‌పై కుట్టేవారు మందపాటి పొరలకు 16వ నంబరు సూది వాడాలి. సన్నని సూది విరిగితే ఆ ముక్క దొరికేవరకు పని ఆపివేయండి.

నాలుగవది, వరుసల మధ్య ఎక్కువ దూరం వదలడం. నాలుగు వేళ్ల వెడల్పు మించితే తడిసిన పొరలు లోపలే ఉండకడతాయి. ఉతికిన బొంతను దండెంపై వేలాడదీస్తే నీటి బరువంతా కుట్లపై పడుతుంది. మిద్దెపై పరచి ఆరబెట్టడం మేలు.

మరొక జాగ్రత్త. ఏడాది నిండని బిడ్డకు నిద్రలో బొంత కప్పరాదు. ముఖం మీదికి జరిగితే ఊపిరాడదు.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ది స్త్రీలు పాత గుడ్డలతోనే ‘కవంది’ కుడతారు. ఒక మూలతో మొదలుపెట్టి, అంచుల వెంబడి తిరుగుతూ నడుమకు చేరుకుంటారు. చివరగా నాలుగు మూలలా ‘పూలు’ అని పిలిచే మడతపెట్టిన గుడ్డముక్కలు కుట్టనిదే వారి దృష్టిలో పని పూర్తికాదు. గుడ్డ పాతదైనంత మాత్రాన పనిలో తొందర తగదని ఆ నాలుగు మూలలే చెబుతున్నాయి. సూది పట్టడానికి ముందు ఒక పూట గుడ్డను ఎంచడానికి, ఉతకడానికి కేటాయించండి. ఆ పూట శ్రమ బొంతకు ఎన్నో ఏళ్ల ఆయుష్షునిస్తుంది.