దయ్యాల మిల్లు - కూర్పు విద్య

నిజామాబాదు పట్టణంలోనూ, బోధన్ పరిసరాలలోనూ చదువుకునే విద్యార్థులకు చలనచిత్రం తీయాలనే కోరిక కలగటం వింత కాదు. ఒకప్పుడు కళాశాల వార్షికోత్సవానికి నాటకం వేసేవారు. నేడు చిన్న చిత్రం తీయాలంటున్నారు. అందునా కుర్రవారి మనసు మొదట పోయేది థ్రిల్లర్ మీదికే. ఇందుకు పెద్దలు పెదవి విరవనక్కరలేదు. కొమ్మూరి సాంబశివరావు అపరాధపరిశోధక నవలలను పాఠ్యపుస్తకాల చాటున దాచుకొని చదివిన తరం వారి తండ్రులదే, తాతలదే. ఆరుద్ర వంటి పండితకవి సైతం డిటెక్టివ్ నవలలు వ్రాయటానికి సిగ్గుపడలేదు.

విచారించవలసింది థ్రిల్లర్ తీయవచ్చునా అని కాదు. ఆ పనిలో విద్యార్థి ఏమి నేర్చుకుంటున్నాడు అని. చేతిలో ఫోను ఉన్నది, ఫోనులో కెమేరా ఉన్నది. రోజంతా తీసినా ఖర్చు లేదు. సౌకర్యమూ ఇదే, చిక్కూ ఇదే. ఫిలిం కాలంలో వెయ్యి అడుగుల చుట్ట, సెకనుకు 24 బొమ్మల చొప్పున, పదకొండు నిమిషాలకు చెల్లిపోయేది. కనుక తీయకముందే ఆలోచించేవారు. ఇప్పుడు ముందు తీసి, తరువాత ఆలోచిస్తున్నారు. పది గంటల దృశ్యాలు పోగుచేసి, వాటి ముందు కూర్చొని, ఏది ఎక్కడ పెట్టాలో తోచక, చివరికి భయపెట్టే సంగీతం మీద భారం వేస్తున్నారు.

కూర్పు అనే మాట పాత తెలుగు చిత్రాల పేర్లపట్టికలో కనబడేది. ఎడిటింగు అనే దానికి అంతకంటే చక్కని పేరు లేదు. విప్లవానంతరం రష్యాలో ముడి ఫిలిం కరువైనప్పుడు, మాస్కోలో 1919లో ఏర్పడిన చలనచిత్ర పాఠశాలలో కులెషోవ్ తన శిష్యులచేత ఫిలిం లేకుండానే చిత్రాలు ప్రదర్శింపజేశాడు. ఉన్న పాత ముక్కలనే త్రిప్పి త్రిప్పి అతికించాడు. ఒక నటుని నిర్వికారమైన ముఖాన్ని ఒకచోట సూపుగిన్నె ప్రక్కన, మరొకచోట శవపేటిక ప్రక్కన పెడితే, చూచేవారికి మొదట ఆకలీ, తరువాత దుఃఖమూ కనబడ్డాయట. ముఖం మారలేదు, పొరుగు మారింది. పదానికి అర్థం వాక్యంలో తేలినట్టు దృశ్యానికి అర్థం కూర్పులో తేలుతుంది. అన్వయం చెప్పగల తెలుగు ఉపాధ్యాయునికి ఇది కొత్త విద్య కాదు.

ఉత్కంఠ విషయంలోనూ అంతే. హిచ్‌కాక్ 1962లో త్రూఫోతో జరిపిన సంభాషణలో బల్లక్రింది బాంబు ఉదాహరణ చెప్పాడు. బాంబు ఉన్నదని ప్రేక్షకునికి తెలియకపోతే అది పేలినప్పుడు కొన్ని క్షణాల అదిరిపాటు మాత్రమే. ముందే తెలిస్తే, బల్ల దగ్గర మనుషులు సాగించే పిచ్చాపాటీ అంతా ప్రాణసంకటమౌతుంది. మన విద్యార్థి దీనికోసం హాలీవుడ్ దాకా పోవాలా? విరాటపర్వంలో నర్తనశాలకు ముస్తాబై వస్తున్న కీచకునికి చీకటిలో ఉన్నది భీముడని తెలియదు, వినేవారందరికీ తెలుసు. వీధినాటకం చూచే పల్లెవాడు ఆ కథ వందసార్లు విన్నవాడే, అయినా ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. రహస్యాన్ని చివరిదాకా దాచటమే థ్రిల్లర్ అనుకునేవారు ఆ ఘట్టాన్ని ఒకసారి తిక్కనలో చదువుకోవటం మంచిది.

ఇక పనిముట్ల సంగతి. ఇక్కడ ఉపేక్ష పనికిరాదు. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలది. పాతరకం ట్యూబులైటు వెలుగు సెకనుకు నూరుసార్లు హెచ్చి తగ్గుతుంది. హాస్టలు గదిలో తీసిన దృశ్యంలో చారలు ప్రాకుతుంటే దోషం కెమేరాది కాదు. షట్టరును యాభయ్యవ వంతుకో నూరవ వంతుకో బిగిస్తే చాలావరకు పోతాయి. ఫోను తనంత తాను వెలుతురు దిద్దుకోకుండా కట్టివేయాలి. లేకుంటే చీకటిగదిలోకి అడుగుపెట్టిన పాత్ర భయపడకముందే గది తెల్లబడుతుంది. కొన్ని ఫోనులు సెకనుకు ఇన్ని బొమ్మలని నిలకడగా తీయవు. అందుచేత వేరుగా పట్టిన ధ్వని కూర్పులో క్రమంగా పెదవులకు దూరమౌతుంది. ప్రతి షాటు మొదట కెమేరా ఎదుట చప్పట్లు కొట్టటం పిల్లచేష్టలాగా కనిపిస్తుంది గాని, చేతులు కలిసిన బొమ్మనూ, ఆ చప్పుడునూ ఒకచోట చేర్చటానికి అంతకంటే సులువైన గుర్తు లేదు.

చెరకుతోటలో వెంటాడే దృశ్యం ఈ ప్రాంతపు కుర్రవారికి సహజంగా తోచే ఊహ. ఆ తోట వారికి రెండు పాఠాలు చెబుతుంది. ఎండుటాకుల గలగల మైకును ముంచివేస్తుంది. సంభాషణలు గాలిలేని చోట మళ్ళీ చెప్పించి, ఆ గలగలను విడిగా పట్టుకొని, కూర్పులో కావలసినంత మేరకే కలపాలి. రెండవది, చెరకు ఎవరికోసమూ ఆగదు. సగం తీసి, మిగతా సగం మరో ఆదివారానికి వాయిదా వేస్తే, ఆ నాటికి తోట నరికి ఉండవచ్చు. నాయకుడు నిలువెత్తు చెరకులో దూరి, మోళ్ళలో తేలుతాడు.

ఐతే అసలు విచారం మరొకటున్నది. బోధన్‌లో థ్రిల్లర్ అనగానే ఎవరి కన్నైనా మూతబడిన చక్కెర మిల్లు మీద పడుతుంది. తుప్పుపట్టిన యంత్రాలు, మొలిచిన కంపలు, నిర్మానుష్యమైన ఆవరణ. అందులో ఒక దయ్యాన్ని పెట్టాలని ఏ పంతొమ్మిదేళ్ళవానికి తోచదు? కాని 1937లో స్థాపితమై, ఆసియాలోకెల్ల పెద్దదని ఒకనాడు పేరుపొందిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ అది. శక్కర్‌నగర్ అనే కాలనీయే దానితో పుట్టింది. 2002లో అధికభాగం ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసివేశారు. అక్కడ పనిచేసినవారు దయ్యాలు కారు. వారు ఆ ఊళ్ళోనే ఉన్నారు. చిత్రం తీసే కుర్రవాని తాతగారే వారిలో ఒకరు కావచ్చు. వారి జీతపు బాకీల కథను తెల్లచీర కట్టిన బొమ్మ చేత కప్పివేయటం కళాదోషం మాత్రమే కాదు, మర్యాదాలోపం కూడ. ఇక ఆ శిథిలాలలోకి అనుమతి లేకుండా దూరటం ప్రాణాపాయం.

గేటు బయటి నుండి ఒక్క షాటు చాలు. ఇరవై సెకనులు, కెమేరా కదలకుండా. దానిని విద్యార్థులు రెండు విధాల కూర్చి చూడాలి. ఒకదానిలో ముందు పరుగెత్తే కాళ్ళు, వెనుక కీచుమనే సంగీతం. రెండవదానిలో సంగీతం వద్దు; ఆ గేటు మీద పనిచేసిన ఒక పెద్దాయన తన చివరి షిఫ్టును గురించి నిజామాబాదు యాసలోనే, సినిమా తెలుగులోకి దిద్దకుండా, చెప్పిన నాలుగు మాటలు. రెండింటినీ ఒకే తరగతిగదిలో వరుసగా వేసి, ఏది గుండె పట్టిందో ఆ పిల్లలనే చెప్పనివ్వాలి. రెండవదాని ప్రదర్శనకు ఆ పెద్దాయనను కూడ పిలిచి, ముందువరుసలో కుర్చీ వేయాలి.