కరాచీ తుపాకులు ఎవరిని కాపాడినయ్?

సెప్టెంబర్ 17 ఒస్తే సాలు, మా ఉప్పునుంతల వాట్సాప్ గ్రూపులల్ల లొల్లి షురూ. ఒకలు విమోచనమంటరు, ఇంకొకలు విలీనమంటరు. సర్కార్లు సుత గంతే. 2022ల కేంద్రం విమోచన దినమన్నది, అప్పటి రాష్ట్ర సర్కారు సమైక్యతా దినమన్నది, 2024ల కొత్త సర్కారు ప్రజాపాలన దినమన్నది. పేరు మీద కొట్లాడుతున్నం గని, గప్పుడు తుపాకులు యాడికెల్లి ఒచ్చినయ్, లాభం ఎవరికైంది అని అడుగుతలేం.

గందుకే సిడ్నీ కాటన్ ముచ్చట జెర తెలుసుకోవాలె. 1894ల ఆస్ట్రేలియాల పుట్టిండు. విమానం నడుపుట్ల మొనగాడు. 1939ల వ్యాపారి లెక్క జర్మనీకి పోయి, విమానంల దాచిన కెమెరాలతోని బ్రిటన్ గూఢచారి శాఖకు ఫొటోలు తీసిచ్చిండు. 1940ల పై ఆఫీసర్లతోని పడక పక్కకు జరిపిన్రు.

గీయన మనకాడికి ఎట్లొచ్చిండు? 1947 నవంబర్ 29న నిజాం, భారత సర్కారు యథాతథ ఒప్పందం చేసుకున్నయ్. నిజాంకు తుపాకులు కావాలె, భారత్ రానియ్యలే. హైదరాబాద్‌కు సముద్రం లేదు, నాలుగు దిక్కుల భారతే. మిగిలింది ఆకాశమే. 1948ల కాటన్ లాంకాస్ట్రియన్ విమానాలు పట్టుకొచ్చి, కరాచీ నుంచి బీదర్, వరంగల్ దిక్కు ఆయుధాలు మోసిండు.

అక్కరకొచ్చినయా? సెప్టెంబర్ 13న సైన్యం ఒచ్చింది, 17న నిజాం చేతులెత్తిండు. ఐదొద్దుల కథ.

ఖజానా పైసలు 10 లక్షల పౌండ్లు లండన్ బ్యాంకుల పడ్డయ్. గవి తుపాకుల పైసలే, మావే అని పాకిస్తాన్ కోర్టుల వాదించింది. జడ్జి ఒప్పుకోలే. 2019 అక్టోబర్ల తీర్పు భారత్‌కు, నిజాం వారసులకు ఒచ్చింది. అప్పటికి గవి 3.5 కోట్ల పౌండ్లయినయ్. మరి కాటన్‌కు పడ్డ శిక్ష? 200 పౌండ్ల జరిమానా.

అసలు జరిమానా కట్టింది ఊర్లు. ముందుగాల రజాకార్ల చేతుల ఊర్లు కాలినయ్. సైన్యం ఒచ్చినంక మరాఠ్వాడ దిక్కు ముస్లింలను చంపిన్రని సుందర్‌లాల్ కమిటీ రాసింది. రెండు దిక్కుల సచ్చింది మనసోంటి పేదోళ్లే.

నాకు అర్థమైంది గిదే: బయటికెల్లి తుపాకి తెచ్చెటోడు మన పక్షమని రాడు, కిరాయికొస్తడు. కిరాయి ముట్టినంక విమానం ఎక్కి పోతడు. ఊర్లె పక్కపక్కన బతకాల్సింది మనమే. వచ్చే 17కు పేరు మీద తిట్టుకునే ముందు, మీ ఊర్ల ముసలోళ్లను గా దినాల ముచ్చట అడుగున్రి. ఫోన్ల ఒచ్చే పోస్టరు గది చెప్పది.