హాజరు పట్టీ నుండి పాఠంలోకి: పల్నాడులో సహిత విద్య ముందున్న కర్తవ్యం

కులభేదం పాటించక అందరినీ ఒకే చాపపై కూర్చుండబెట్టిన చాపకూడు పేరు చెప్పగానే పల్నాటి బ్రహ్మనాయుడు గుర్తుకు వస్తాడు. అదే సీమలో వినుకొండలో 1895లో జన్మించిన కవి గుర్రం జాషువా బాల్యంలో బడిలోనే వివక్షను చవిచూచారు. బడిలో పేరు నమోదైనంత మాత్రాన చదువు అందినట్లు కాదని ఆయన బాల్యం తెలుపుతున్నది. దృష్టి, వినికిడి, చలన, మేధోపరమైన లోపాలు గల పిల్లల విషయంలోను, చదవడం, వ్రాయడంలో నిర్దిష్ట ఇబ్బందులు గల పిల్లల విషయంలోను నేడు ఇదే ప్రశ్న ఎదురవుతున్నది. హాజరు పట్టీలో ఉన్న విద్యార్థి పాఠంలో కూడా ఉన్నాడా అన్నదే ఆ ప్రశ్న.

జిల్లా పరిస్థితి

గుంటూరు జిల్లా పునర్విభజనలో భాగంగా 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినది. నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల రెవెన్యూ డివిజన్లలో 28 మండలాలు గల ఈ జిల్లాలో పరిస్థితులు అంతటా ఒకే విధంగా లేవు. నరసరావుపేట, చిలకలూరిపేట పట్టణ ప్రాంతాలకు వైద్య సదుపాయాలు చేరువలో ఉన్నవి. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలాలలో తండాలు, నల్లమల అంచు గ్రామాలు విస్తరించి ఉన్నవి. ఇంట లంబాడీ భాష మాట్లాడే బాలిక బడిలో తెలుగు, ఇంగ్లీషు భాషలను ఒకేసారి ఎదుర్కొంటున్నది. మిరప కోతల కాలంలో ఇతర జిల్లాల నుండి వచ్చే కూలీ కుటుంబాల వెంట పిల్లలు కూడా వస్తారు. ఇటువంటి చోట్ల ఒక విద్యార్థి వెనుకబాటుకు కారణం భాషయా, గైర్హాజరా, వినికిడి లోపమా అని తేల్చుకొనడమే ఉపాధ్యాయుని తొలి పని.

చట్టం నిర్దేశించినదేమి?

1974లో కేంద్ర ప్రభుత్వం వికలాంగ బాలల సమీకృత విద్యా పథకాన్ని ప్రారంభించినది. బిడ్డ బడికి తగినట్లు మారాలన్నది అప్పటి ధోరణి. బిడ్డకు తగినట్లు బడి మారాలన్న సహిత విద్యా దృక్పథాన్ని 1994 నాటి సలమాంకా ప్రకటన ప్రపంచ దేశాల ముందుంచినది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించి, తీవ్ర, బహుళ వైకల్యాలు గల పిల్లలకు ఇంటి వద్దనే విద్య పొందే అవకాశం కల్పించారు.

2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తింపు పొందిన వైకల్యాల సంఖ్యను 7 నుండి 21కి పెంచినది. నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు, ఆటిజం వాటిలో చేరినవి. ఆ చట్టంలోని 16వ సెక్షను అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన జరపవలసిన బాధ్యతను విద్యాసంస్థలపై ఉంచినది. 17వ సెక్షను ప్రతి 5 సంవత్సరాలకు ఒకసారి బడిఈడు పిల్లల సర్వే జరపాలని, బ్రెయిలీ, సంజ్ఞా భాషలలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలని నిర్దేశించినది.

పరికరాలు వచ్చినవి

వసతుల విషయంలో ఇటీవలి సంవత్సరాలలో గణనీయమైన మార్పు వచ్చినది. 2019 నవంబరు 14న ప్రారంభమైన నాడు-నేడు మొదటి దశ రాష్ట్రంలో 15,715 పాఠశాలలను చేపట్టినది. 2020-21 నుండి ఎదురెదురు పుటలలో తెలుగు, ఇంగ్లీషు పాఠం గల ద్విభాషా పాఠ్యపుస్తకాలు అందినవి. 2022 డిసెంబరులో 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైనది. 2023 నుండి ఉన్నత పాఠశాలల తరగతి గదులలో ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్ళు అమర్చబడినవి. జాతీయ స్థాయిలో దీక్షా వేదికపై శ్రవణ పాఠాలు, సంజ్ఞా భాషా పాఠాలు లభిస్తున్నవి. సంజ్ఞా భాష కొరకు పీఎం ఈ-విద్య 31వ ఛానల్ 2024 డిసెంబరు 6న ప్రారంభమైనది.

అయితే తెర ఎంత పెద్దదైనా దానంతట అది పాఠాన్ని అందరికీ చేర్చలేదు. "ఇక్కడ చూడండి" అని బొమ్మను చూపి సాగిపోయే బోధన అంధ విద్యార్థికి ఉపయోగపడదు. బొమ్మలో ఏమున్నదో మాటలలో వర్ణించినపుడే అతనికి పాఠం అందుతుంది. మాటలు తెరపై అక్షరాలలో కనిపించని వీడియో వినికిడి లోపం గల బాలికకు మూగచిత్రం వంటిది. ఉపాధ్యాయుడు బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పెదవుల కదలికను గమనించే ఆధారం కూడా ఆమెకు పోతుంది. చదవడంలో ఇబ్బంది గల విద్యార్థికి అక్షరాన్ని చూస్తూ వినే అవకాశం, నోటితో సమాధానం చెప్పే వెసులుబాటు అవసరం. వీటిలో పలు మార్పులకు ఖర్చు లేదు.

తెలుగుకు సంబంధించిన ఒక సాంకేతిక అంశం ఇక్కడ గమనార్హం. తెరపై అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ యూనికోడ్ తెలుగును మాత్రమే సక్రమంగా చదవగలదు. అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన ప్రశ్నపత్రం కంటికి తెలుగుగా కనిపించినా, ఆ సాఫ్ట్‌వేర్‌కు అర్థం లేని గుర్తుల వరుసగానే తోస్తుంది. అభ్యాస పత్రాలను, సర్క్యులర్లను యూనికోడ్‌లో రూపొందించడం అదనపు నిధులు అవసరం లేని సంస్కరణ.

మనిషి అవసరం

మండల స్థాయిలో భవిత కేంద్రాలు, వాటిలో పనిచేసే సహిత విద్యా రిసోర్సు ఉపాధ్యాయులు ఈ వ్యవస్థకు ఆధారం. ప్రాథమిక స్థాయిలో 10 మంది, ఆపై స్థాయిలో 15 మంది ప్రత్యేక అవసరాలు గల విద్యార్థులకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో నిర్దేశించినది. రాష్ట్ర ప్రభుత్వం 2025లో 2,260 ప్రత్యేక విద్య ఉపాధ్యాయ పోస్టులను మంజూరు చేసినది. ఇది ముఖ్యమైన ముందడుగు. కాని నిష్పత్తి పిల్లలను లెక్కిస్తుందే గాని దూరాన్ని లెక్కించదు. పట్టణంలో ఒకే ప్రాంగణంలో ఉండే 10 మంది పిల్లలు, బొల్లాపల్లి వంటి మండలంలో 10 గ్రామాలలో ఉండవచ్చును. నియామకాల విభజనలో ఈ వ్యత్యాసానికి చోటు లేకున్నచో మారుమూల గ్రామాల పిల్లలకు నెలలో ఒకటి రెండు సందర్శనలే మిగులుతాయి.

అందువలన సాధారణ తరగతి ఉపాధ్యాయుని పాత్ర కీలకమవుతున్నది. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2022లో విడుదల చేసిన ప్రశస్త్ యాప్‌లో మొదటి భాగం పరిశీలనను తరగతి ఉపాధ్యాయుడే చేయవలసి ఉన్నది. ఇది ప్రాథమిక గుర్తింపు మాత్రమే. వైకల్యాన్ని వైద్య నిపుణులే ధ్రువీకరించాలి. పదవ తరగతి పరీక్షలో అదనపు సమయం, లేఖకుని సహాయం వంటి సౌకర్యాలు సకాలంలో పొందిన ధ్రువపత్రంపై ఆధారపడి ఉంటాయి. మూడవ తరగతిలో గుర్తించవలసిన ఇబ్బంది తొమ్మిదవ తరగతి వరకు "మందమతి" అన్న ముద్ర క్రింద మరుగున పడితే, నష్టపోయేది విద్యార్థియే.

సమగ్ర శిక్షా నిబంధనల ప్రకారం ప్రత్యేక అవసరాలు గల ఒక్కొక్క విద్యార్థికి సంవత్సరానికి రూ.3,500 వరకు కేటాయింపు, బాలికలకు నెలకు రూ.200 చొప్పున 10 నెలల ఉపకార వేతనం ఉన్నవి. వినికిడి యంత్రాన్ని ఒకసారి ఇచ్చినంతట బాధ్యత తీరదు. బ్యాటరీ అయిపోయిన యంత్రం పెట్టెలోనే ఉండిపోతుంది. పంపిణీ లెక్కతో పాటు వినియోగపు లెక్క కూడా నివేదికలలో ఉండాలి.

చేయవలసినది

యడ్లపాడు మండలం బోయపాలెంలోని జిల్లా విద్యా శిక్షణ సంస్థలో భావి ఉపాధ్యాయులకు ఈ మెలకువలను అభ్యాస పాఠాల ద్వారానే నేర్పవచ్చును. భవిత కేంద్రాల ఉపాధ్యాయులను పాఠశాల సముదాయ సమావేశాలలో సహచరులకు శిక్షకులుగా వినియోగించవచ్చును. వలస వచ్చే పిల్లల విషయంలో గుర్తింపు వివరాలు వారి వెంట కొత్త బడికి చేరాలి. తనిఖీకి వెళ్ళే అధికారి ప్యానెల్ పనిచేయుచున్నదా అని చూచిన పిదప, దాని ముందు కూర్చున్న ప్రత్యేక అవసరాలు గల విద్యార్థి ఆ రోజు పాఠంలో ఏమి నేర్చుకొన్నదీ అడిగి తెలుసుకోవాలి. పల్నాడులో సహిత విద్య ప్రగతికి ఆ సమాధానమే నిజమైన కొలమానం కాగలదు.