కాంతి నెడుతుంది.. కానీ ఎంత?

ఇంటర్ ఫిజిక్స్ చదివే ఎవర్నైనా కాంతి ఒత్తిడికి సూత్రం అడగండి, టక్కున చెప్పేస్తారు. కాంతి తీవ్రతను కాంతి వేగంతో భాగించాలి. ఉపరితలం అద్దంలా కాంతిని వెనక్కి కొడితే దానికి రెట్టింపు. సరే, అంతరిక్షంలో చదరపు మీటరు అద్దాన్ని ఎండ ఎంత బలంతో నెడుతుంది? ఇక్కడ చాలామంది ఆగిపోతారు. 'వస్తే ఒక్క బిట్టు' అని పక్కన పెట్టేసిన పాఠం కదా మరి!

లెక్క పెద్దదేం కాదు. భూమి దగ్గర, వాతావరణానికి పైన, చదరపు మీటరుకు సుమారు 1,360 వాట్ల సూర్యకాంతి పడుతుంది. దాన్ని సెకనుకు 30 కోట్ల మీటర్లతో భాగించండి (కిలోమీటర్లలో వేశారో, మార్కు గోవిందా). దాదాపు 4.5 మైక్రోపాస్కల్స్ వస్తుంది. అద్దమైతే 9. అంటే ఇక్కడ నేల మీద ఒక మిల్లీగ్రాము బరువుతో సమానం. 1873లో మాక్స్‌వెల్ చెప్పిన ఈ ఒత్తిడిని ప్రయోగంలో పట్టుకోవడానికి రష్యాలో లెబెదెవ్ వచ్చేదాకా, అంటే పాతికేళ్లకు పైగా, ఆగాల్సి వచ్చింది. గాజు బల్బులో మిగిలిన కాస్త గాలి వేడెక్కి అంతకన్నా గట్టిగా నెట్టేస్తుంది మరి.

'ఓస్, ఇంతేనా' అనుకుంటే మాత్రం దెబ్బతింటారు. మన ఇన్సాట్-1 ఉపగ్రహాలకు సోలార్ ప్యానెల్ ఒక వైపే ఉండేది. దానిమీద పడే ఎండ రోజూ ఉపగ్రహాన్ని కొద్దికొద్దిగా పక్కకు తిప్పేస్తుంది. గాలి లేదు, ఆపేదేమీ లేదు. అందుకే రెండో వైపు పొడవాటి కాడ చివర ఒక తెరచాప పెట్టారు, తక్కెడలో అటు రాయి వేసినట్టు. 1982 ఏప్రిల్‌లో వెళ్లిన ఇన్సాట్-1ఎలో ఆ తెరచాప విచ్చుకోలేదు. వేరే ఇబ్బందులూ తోడయ్యాయి. దిశను సరిచేసుకునే ఇంధనం అయిపోయి, ఏళ్ల తరబడి పనిచేయాల్సిన ఉపగ్రహం సెప్టెంబరుకే చేజారింది.

ఇప్పుడు హైదరాబాద్‌లోనే ప్రైవేటు కంపెనీలు ఉపగ్రహాలు, రాకెట్లు తయారు చేస్తున్నాయి. అలాంటిచోట పని చేయాలనుకుంటే సూత్రం గుర్తుండటం ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం. జవాబు రాగానే 'ఇది ఎంత? ఎన్నాళ్లు పనిచేస్తే ఏమవుతుంది?' అని అడిగే అలవాటు ఇప్పట్నుంచే కావాలి.

ఒకటి ప్రయత్నించండి. 2010లో జపాన్ పంపిన ఇకరోస్ తెరచాప 14 మీటర్ల భుజం ఉన్న చతురస్రం. అది పూర్తి అద్దమనుకుని, ఎండకు ఎదురుగా పెట్టి లెక్కేస్తే సుమారు 1.8 మిల్లీన్యూటన్లు రావాలి. వాళ్లు కొలిస్తే తేలింది 1.12. ఆ తేడా ఎక్కడికి పోయి ఉంటుందో ఓ కాగితం మీద రాసి చూడండి.