విలీనం వదంతులు - అరువు సరుకు

క్రీడా సామగ్రి అమ్మే పెద్ద దుకాణాల విలీనాల మాట బజారులో వుండి వుండి వినబడుతూనే వున్నది. 2025లో అమెరికాలో డిక్స్ సంస్థ ఫుట్ లాకర్‌ను 240 కోట్ల డాలర్లకు కొన్నది. ఇటువంటి వార్త రాగానే సరుకు పంపే వర్తకులకు ఎక్కడలేని ధైర్యం వస్తుంది. "రేపు పెద్దవాళ్ళ చేతికి పోయే దుకాణం, మన బాకీకి ఢోకా లేదు" అని గడువు మరో నెల పొడిగిస్తారు. మా అభిప్రాయం ఇందుకు విరుద్ధం. విలీనం మాట పుట్టిన దుకాణానికి అరువు తగ్గించవలెను గాని పెంచరాదు.

స్పోర్ట్స్ అథారిటీ సంగతి చూడండి. 2003లో గార్ట్ స్పోర్ట్స్‌తో విలీనమైనది. 2006లో 130 కోట్ల డాలర్లకు చేతులు మారినది. కొనడానికి తెచ్చిన అప్పు కొన్నవారి నెత్తిన గాక దుకాణం నెత్తిన పడింది. 2016 మార్చిలో 460 పైచిలుకు దుకాణాలతో, సుమారు 110 కోట్ల డాలర్ల అప్పుతో, మన బజారు భాషలో ఐ.పి. పెట్టింది. ఆ వేసవి గడిచేసరికి దుకాణాలన్నీ మూతబడ్డాయి. మిగిలిన పేరును డిక్స్ వారే కోటిన్నర డాలర్లకు పాడుకున్నారు.

అసలు తగవు అరలలోని సరుకు మీద వచ్చింది. అందులో సుమారు 8.5 కోట్ల డాలర్ల సరుకు అమ్ముడుపోయాక సొమ్ము ఇచ్చే షరతు మీద దిగినది. సరుకు మాది, తిరిగి ఇవ్వమన్నారు పంపినవారు. కంపెనీ 160 మందికి పైగా సరఫరాదారుల మీద కోర్టుకెక్కింది. అక్కడి చట్టం ప్రకారం అటువంటి సరుకును ముందుగా నమోదు చేయించాలి. చాలామంది ఆ పని సరిగా చేయించుకోలేదు.

అనంతపురం వర్తకులకు ఇది అర్థం కాని సంగతి కాదు. వేరుశెనగ మూటలు మండీలో దించి, పట్టీ వచ్చాక డబ్బు తీసుకోవడం మనకు తెలిసినదే. మండీ తలుపు మూతబడితే మూట ఎవరిదన్నదే మొదటి తగవు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. కాయ పండని ఏడు బట్టలైనా, ఆట సామానైనా అరువు మీదనే కదలాలి. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచీలు జరిగిన ఊరు గనుక బ్యాట్లకు, బంతులకు గిరాకీ లేదనలేము. కాని మీరట్, జలంధర్ సరుకుకు సొమ్ము కట్టేది చివరకు ఆ కాయే.

మన దేశంలోనూ ఉదాహరణ వున్నది. హెరిటేజ్ వారి చిల్లర దుకాణాలను కలుపుకోవడానికి 2016లో ఒప్పందం చేసుకున్న ఫ్యూచర్ రిటైల్‌ను, 2020 ఆగస్టులో గ్రూపు వ్యాపారంతో పాటు 24,713 కోట్ల రూపాయలకు రిలయన్స్ తీసుకుంటుందన్నారు. అమెజాన్ అడ్డుతగిలింది. 2022 ఏప్రిల్‌లో బేరం చెడింది, జులైలో దివాలా కేసు విచారణకు స్వీకారమైంది, 2024లో లిక్విడేషన్‌కు ఉత్తరువు వచ్చింది. ఆ ఇరవై నెలలూ బేరం మీద భరోసాతో సరుకు దింపినవారెవరైనా బ్యాంకుల వెనుక వరుసలో నిలబడవలసిందే.

చిన్న వర్తకుడికి కోర్టు దారి కూడా ఇరుకే. 2016 దివాలా చట్టం కింద కంపెనీ మీద కేసు వేయడానికి వుండవలసిన కనీస బకాయిని 2020 మార్చిలో లక్ష నుంచి కోటి రూపాయలకు పెంచారు. అయితే ఒప్పందం మీద కంపెనీ దగ్గర వున్న ఇతరుల సరుకు కంపెనీ ఆస్తి కాదని ఆ చట్టమే అంటున్నది. కాగితం అలా వుండాలి మరి. బిల్లు వేసి అరువు రాసుకుంటే సరుకు వారిదే, మనకు మిగిలేది బాకీ. నచ్చకుంటే తిప్పి పంపే షరతు మీద ఇచ్చినదైనా, గడువు దాటి ఊరకే వుంచుకుంటే కొన్నట్లేనని 1930 సరుకుల విక్రయ చట్టం చెబుతున్నది.

కావున ఈ సీజను ఆర్డర్లు పంపే ముందు పాత చలానాలు తీసి చూసుకోవడం మంచిది. గడువు మీరిన సరుకు వుంటే బిల్లు వేసి సొమ్ము అడగండి. గడువు ఇంకా వుంటే సరుకు లెక్క సంతకంతో తీసుకొని, కొత్త సరుకును చేతి సొమ్ముకే ఇవ్వండి.