ట్రెంట్‌బ్రిడ్జ్‌లో మన పక్క పిల్ల!

‘ఇంగ్లండ్ పోయొచ్చినావంట గదా... ఏమేం జూసినావు?’

ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో పులివెందులలోనో... పిల్లల దగ్గర రెణ్నెల్లుండి వచ్చిన పెద్దవాళ్లకి తప్పని ప్రశ్న ఇది. రాజుగారి కోట, థేమ్స్ మీద వంతెన... చాలామంది చెప్పే జాబితా ఇదే. ఆటల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం కోట సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి స్టేడియం దగ్గర ఆగిపోతారు. అక్కణ్నుంచి కబుర్లకి అంతే ఉండదు.

ఉండదు మరి! ఒకప్పుడు ట్రాన్సిస్టర్‌కి చెవులప్పగించి కామెంటరీ విన్న తరం వాళ్లది. లార్డ్స్, ఓవల్, ట్రెంట్‌బ్రిడ్జ్... చూడకముందే ఆ పేర్లన్నీ కంఠతా వచ్చు. ఇంగ్లండ్‌లోని పెద్ద మైదానాల్లో ఆట లేనప్పుడూ టికెట్టు పెట్టి లోపల తిప్పి చూపిస్తుంటారు. అలా వెళ్లి ఖాళీ గ్యాలరీలో ఓ పావుగంట కూర్చున్నా చాలు, చిన్నప్పటి రోజులన్నీ గుర్తొచ్చేస్తాయి.

ఆ లెక్కన నాటింగ్‌హామ్ ఆటల పిచ్చోళ్లకి పుణ్యక్షేత్రమే. విలియమ్ క్లార్క్ అనే ఆటగాడు 1838లో ఓ సత్రం వెనక ఖాళీస్థలాన్ని క్రికెట్ మైదానంగా మార్చాడు. అదే ట్రెంట్‌బ్రిడ్జ్. 1899లో అక్కడ తొలి టెస్టు జరిగింది. డబ్ల్యూ.జి.గ్రేస్‌కి అదే ఆఖరి టెస్టు. ఫుట్‌బాల్‌కీ ఆ నేలతో చుట్టరికం ఉంది. 1862లో పుట్టిన నాట్స్ కౌంటీ క్లబ్ 1910 దాకా అక్కడే ఆడి, ఆ తర్వాత నది అవతలున్న మెడో లేన్‌కి మారింది. ఇక, 1979, 1980ల్లో వరసగా యూరోపియన్ కప్పు గెలిచిన నాటింగ్‌హామ్ ఫారెస్ట్ సొంత మైదానం సిటీ గ్రౌండ్ అయితే కూతవేటు దూరమే. ఓ పూట నడిస్తే మూడూ చూసి రావచ్చు.

ఇంతవరకూ అదంతా వాళ్ల చరిత్ర. 2025 జూన్ 28న అందులో మన వాటా కూడా చేరింది. ఇంగ్లండ్‌తో తొలి టీ20 ఆ మైదానంలోనే. భారత్ తరఫున టీ20ల్లో ఆ రోజే అడుగుపెట్టిన ఎడమచేతి స్పిన్నర్ 12 పరుగులిచ్చి 4 వికెట్లు పడగొట్టింది. పేరు శ్రీచరణి. ఊరు కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం. తండ్రి ఉద్యోగం రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... మూడింటికీ మధ్యలో పొగగొట్టాలతో కనిపించే ఆర్టీపీపీయే అది! ఆ మ్యాచ్‌లో భారత్ 97 పరుగులతో గెలిచింది. ఇంగ్లండ్ గడ్డమీద తొలిసారి టీ20 సిరీస్‌నూ అందుకుంది. సిరీస్‌లో ఉత్తమ క్రీడాకారిణి... మన చరణే.

చిన్నప్పుడు ఆమె ఆడింది క్రికెట్ ఒక్కటే కాదు. బ్యాడ్మింటన్, కబడ్డీ, పరుగుపందాలు... అన్నీ ఆడింది. క్రికెట్ అంటే నాన్న వెంటనే ఒప్పుకోలేదు. మేనమామ వెన్నుతట్టాడు. చివరికి నాన్నా సరేనన్నాడు. ఆ ‘సరే’ రాకపోయి ఉంటే ట్రెంట్‌బ్రిడ్జ్ స్కోరుబోర్డుమీద ఆ పేరు ఉండేదే కాదు. 2025 నవంబరు 2న ప్రపంచకప్పు ఎత్తిన జట్టులోనూ ఉండేది కాదు.

ఎన్ని ఇళ్లలో ఆ మాట ఇంకా గొంతు దాటి రావడంలేదో! మగపిల్లాడు బ్యాటు పట్టుకుంటే ‘ఆడుకోనీలే’ అంటాం. ఆడపిల్ల పట్టుకుంటే ‘పొద్దుపోయింది, ఇంట్లోకి రా’ అంటాం. వేలమైళ్లు వెళ్లి ఎవరో ఆడిన మైదానాన్ని కళ్లకద్దుకునే మనం, వీధి చివర మన పిల్ల ఆడే ఆటను ఓ పది నిమిషాలు నిలబడి చూస్తున్నామా?

ఈసారి నాటింగ్‌హామ్ వెళ్లే మనవాళ్లు ఫొటోలు దిగడంతో సరిపెట్టుకోనక్కర్లేదు. పక్కన నిలబడ్డ తెల్లాయనకి వేలుపెట్టి మరీ చూపించొచ్చు... మా పక్క పిల్ల నాలుగు వికెట్లు తీసింది ఇక్కడే అని!